బండి వచ్చేలోపు: గుండె ఆగిన మనిషి, 108, మన తండాలు

కొంచెం పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఇంట్ల పెద్దోళ్లకు కూడా చదివి వినిపించండి.

మన తండాల్లో, గూడేల్లో చావు ఇంటి ముందు కూసుంటే ఒక మాట తప్పకుండా వినపడతది: "బండి వచ్చేసరికే అయిపోయింది." బండి అంటే 108. ఆ మాటలో బాధ ఉంటది, కోపం ఉంటది. రోడ్డు బాగలేదని, బండి పక్క మండలం నుంచి రావాల్సి వచ్చిందని తిట్టుకుంటం. ఆ తిట్టులో నిజం ఉంది. కానీ గుండె ఆగి కూలిపోయిన మనిషి విషయంలో అది సగం నిజమే. మిగతా సగం ఏందో తెలవాలంటే చరిత్రలోకి పోవాలె. అంబులెన్సు మన దాకా ఎట్లా వచ్చింది, ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కే పద్ధతి ఎక్కడ పుట్టింది, దాన్ని మొదట వీధుల్లోకి తెచ్చింది ఎవరు అనేది చూడాలె.

ముందు నిమిషాల లెక్క

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. ఈ రెండింటినీ మనం ఒకటే అనుకుంటం. గుండెపోటు అంటే గుండె కండకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోవడం. ఛాతీలో నొప్పి వస్తది, చెమటలు పడతయి, కానీ మనిషి మాట్లాడతడు. ఎంత తొందరగా దవాఖానకు చేరితే అంత మంచిది, అయినా దవాఖాన దాకా పోయే టైం చాలామందికి దొరుకుతది. గుండె ఆగిపోవడం అంటే కొట్టుకునుడే బందైతది. మనిషి ఉన్నచోటే కూలిపోతడు. పిలిస్తే పలకడు. శ్వాస ఉండదు, లేకపోతే ఆగి ఆగి ఎగశ్వాస మాత్రమే ఉంటది. గుండెపోటు ముదిరి ఇట్లా ఆగొచ్చు. మోటరు కాడ కరెంటు షాక్ కొట్టినా, చెరువుల మునిగినా ఆగొచ్చు.

గుండె ఆగిన తర్వాత ఎవరూ ఏమీ చేయకపోతే, బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం పడిపోతది. 4 నుంచి 6 నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలైతది. 10 నిమిషాలు దాటితే దాదాపు ఏమీ మిగలదు. ఎవరైనా ఛాతీ నొక్కుతూ ఉంటే ఆ పడిపోవడం నెమ్మదైతది, నిమిషానికి 3, 4 శాతం దగ్గరికి వస్తది.

ఇప్పుడు బండి లెక్క చూడండి. 2020 జూలైలో పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త 108 బండ్లు దింపినప్పుడు అక్కడి ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం ఇది: పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20, ఏజెన్సీలో 30. ఇది తప్పుపట్టడానికి చెప్తలేను. అడవి రోడ్లల్ల 30 నిమిషాల్లో చేరుకోవడం నిజంగా కష్టమైన పని. కానీ ఆ లక్ష్యం నూటికి నూరు పాళ్లు అందుకున్న రోజు కూడా, ఏజెన్సీలో గుండె ఆగిన మనిషికి అది 20 నిమిషాలు ఆలస్యమే. అంటే బండి బయలుదేరకముందే, కాగితం మీదనే మనం ఓడిపోయినం.

మన మూడు జిల్లాల నేల ఎట్లుంటదో మీకు తెలుసు. మహబూబాబాద్‌లో గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం అడవి మండలాలు. భూపాలపల్లిలో మహాముత్తారం దాటి గోదావరి ఒడ్డున పలిమెల దాకా అడవే. జనగామలో ఏజెన్సీ లేదు గానీ, పాలకుర్తి, దేవరుప్పుల వైపు తండాలు ఊరికి విడిగా, చేన్ల మధ్యన ఉంటయి. జనగామ మీంచి పోయే జాతీయ రహదారి మీద పడ్డోనికి బండి ఒక టైంకు వస్తది, తండాల పడ్డోనికి ఇంకో టైంకు వస్తది. పైగా మన తండాలకు మూలపురుషుల పేర్లు ఉంటయి, ఒకే పేరుతో రెండు మూడు మండలాల్లో తండాలు ఉంటయి. ఫోన్‌లో పేరు ఒక్కటే చెప్తే అవతలోళ్లకు ఏ తండానో అర్థం కాదు.

108 ఎట్లా వచ్చింది

మన తాతల కాలం కథ ఇంట్లనే వినొచ్చు. మంచాన్ని కట్టెలకు కట్టి నలుగురు మోసుడు, ఎడ్లబండి, తర్వాత ట్రాక్టరు, లేకపోతే దారిన పోయే ఆర్టీసీ బస్సు. పెద్ద దవాఖాన అంటే వరంగల్ ఎంజీఎం ఒక్కటే. జనగామ నుంచైనా, మానుకోట నుంచైనా, భూపాలపల్లి నుంచైనా అటూ ఇటూగా 60 కిలోమీటర్లు. తండా నుంచి ఆ టౌన్‌కు వచ్చే దూరం అదనం.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం పెట్టిన ఈఎంఆర్‌ఐ అనే సంస్థ దాన్ని నడిపింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దానితో చేయి కలిపింది. రాష్ట్రమంతా విస్తరించిన తర్వాత నడిపే ఖర్చులో 95 శాతం దాకా ప్రభుత్వమే భరించింది. ఏ ఫోన్ నుంచైనా పైసా ఖర్చు లేకుండా మూడంకెలు కొడితే బండి వస్తది అనేది అప్పటిదాకా మన దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఎక్కడా లేదు. బండి నడిపేటాయన్ని పైలట్ అన్నరు, వెనుక రోగి పక్కన కూసునేటాయన్ని ఈఎంటీ అన్నరు. ఈఎంటీల శిక్షణకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు సాయపడ్డరు. 2009 ఎన్నికల్లో వైఎస్ సభల్లో "కుయ్ కుయ్" అని బండి శబ్దం చేసి చూపించడం మీ అమ్మానాన్నలకు ఇప్పటికీ యాదికి ఉంటది.

2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడ్డది. 108 ఆగిపోతదేమోనని జనం భయపడ్డరు. అదే ఏడాది జీవీకే గ్రూపు ఈఎంఆర్‌ఐ బాధ్యత తీసుకున్నది, బండి ఆగలేదు. ఒక కంపెనీ మునిగినా సర్వీసు మునగలేదంటే కారణం, అప్పటికే అది జనం హక్కుగా మారిపోయింది. ఏ ప్రభుత్వమూ దాన్ని బంద్ పెట్టే ధైర్యం చేయలేని స్థితి వచ్చింది.

ఆ తర్వాత తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలైనయి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలైనయి. 2023 ఆగస్టు 1న హైదరాబాద్‌లో 108, అమ్మ ఒడి, పార్థివ వాహనాలు కలిపి 466 కొత్త బండ్లకు జెండా ఊపిండ్రు. అంటే దవాఖాన దగ్గరికి వచ్చింది, బండ్లు పెరిగినయి.

దీని ఫలితం మన కళ్ల ముందే ఉంది. పురిటి నొప్పుల తల్లి, రోడ్డు ప్రమాదం, పాముకాటు, పురుగుల మందు కేసులల్ల 108 ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మన తండాలకే తెలుసు. ఈ కేసులన్నిటిలో ఒక పోలిక ఉంది. సాధారణంగా బండి 30 నిమిషాలకు వచ్చినా ఏదో ఒకటి చేయడానికి టైం మిగులుతది. గుండె ఆగినోనికి ఆ టైం లేదు. అతని విషయంలో దవాఖాన దగ్గరికి వచ్చినా, బండ్లు పెరిగినా, మొదటి 5 నిమిషాల ఖాళీ అట్లనే ఉన్నది. ఆ ఖాళీని నింపే పద్ధతి ఏందో, అది ఎక్కడ పుట్టిందో ఇప్పుడు చూద్దాం.

కరెంటు షాక్ నుంచి పుట్టిన విద్య

ఛాతీ నొక్కే పద్ధతి, అంటే సీపీఆర్, మొదట ఆలోచనలోకి వచ్చింది పెద్దోళ్ల గుండె జబ్బుల కోసం కాదు. కరెంటు స్తంభాలెక్కి పనిచేసే కూలోళ్ల కోసం. అమెరికాలో ఊరూరా కరెంటు పాకుతున్న కాలంలో లైన్‌మెన్‌లు షాక్ కొట్టి చచ్చిపోతుంటే, కరెంటు కంపెనీలు ఇచ్చిన పైసలతో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కౌవెన్‌హోవెన్ అనే ఇంజినీరు పరిశోధన మొదలుపెట్టిండు. ఆయన డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరు. ఆగిన గుండెకు కరెంటే ఇచ్చి మళ్లీ కొట్టుకునేటట్టు చేసే యంత్రం మీద ఏండ్ల తరబడి పనిచేసిండు.

1950ల చివర్లో ఆయన దగ్గర చదువుకుంటున్న గై నికర్‌బాకర్ అనే విద్యార్థి ఒకటి గమనించిండు. కుక్క ఛాతీ మీద ఆ యంత్రం బరువైన పలకలను గట్టిగా అదిమినప్పుడు, కరెంటు ఇవ్వకముందే రక్తపోటు కొంచెం లేస్తున్నది. అంటే ఛాతీని బయటినుంచి నొక్కితే రక్తం పారుతది. సర్జన్ జేమ్స్ జూడ్ కూడా కలిసి ముగ్గురూ 1960 జూలైలో దీన్ని అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చు వేసిండ్రు. అంతకుముందు ఆగిన గుండెను ఆడించాలంటే ఛాతీ కోసి గుండెను చేత్తో పిండాల్సి వచ్చేది. 1960 తర్వాత రెండు చేతులు చాలు అన్నట్టైంది.

మోటరు స్టార్టరు కాడ, తెగిపడ్డ వైరు కాడ మనోళ్లు ఎంతమంది పోతున్నరో గుర్తుకు తెచ్చుకోండి. ఈ విద్య ఎవరి కోసం పుట్టిందో వాళ్ల లాంటోళ్లమే మనం. కానీ 60 ఏండ్లు దాటినా మన తండా దాకా రాలేదు.

పిట్స్‌బర్గ్‌లో నల్లోళ్ల బస్తీ

ఇప్పుడు చెప్పబోయేది మన గ్రూపులో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన కథ.

1960లల్ల అమెరికాలో కూడా ఇప్పటి లాంటి అంబులెన్సు లేదు. చాలా ఊర్లల్ల శవాలు మోసే కంపెనీ బండ్లో, పోలీసు బండ్లో రోగులను ఎక్కించుకుపోయేవి. లోపల చికిత్స అంటూ ఏమీ లేదు. పిట్స్‌బర్గ్ నగరంలో ఆ పని పోలీసులదే. హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి బస్తీలో జనం ఫోన్ చేస్తే పోలీసు బండి ఎప్పుడు వస్తదో, అసలు వస్తదో రాదో తెలవదు.

1966 నవంబర్‌లో ఆ నగరానికి మేయర్‌గా, ఆ రాష్ట్రానికి గవర్నర్‌గా చేసిన డేవిడ్ లారెన్స్ ఒక సభలో గుండె ఆగి కూలిపోయిండు. ఆయనను కూడా పోలీసు బండిలోనే తీసుకుపోయిండ్రు. కొన్ని రోజులకు చనిపోయిండు. అంత పెద్ద మనిషికే దిక్కు లేదంటే బీదోని సంగతి ఏంది? అదే నగరంలో నోటితో శ్వాస ఇచ్చే పద్ధతిని నిలబెట్టిన పీటర్ సఫార్ అనే డాక్టరు ఉన్నడు. అదే ఏడాది ఆయన చిన్న బిడ్డ ఆయాసం వచ్చి చనిపోయింది.

1967లో సఫార్, హిల్ డిస్ట్రిక్ట్‌లోని ఫ్రీడం హౌస్ సంస్థ కలిసి ఒక పని చేసిండ్రు. ఆ బస్తీలోని నల్లజాతి యువకులను పిలిచిండ్రు. చాలామందికి పని లేదు. కొందరికి హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. కొందరు వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినోళ్లు. లోకం పనికిరానోళ్లు అన్నవాళ్లకు సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చిండ్రు. శరీర నిర్మాణం, శ్వాస నిలబెట్టుడు, ఛాతీ నొక్కుడు, దవాఖానలో పని అన్నీ నేర్పిండ్రు. ఫ్రీడం హౌస్ అంబులెన్సు రోడ్డెక్కింది. దవాఖానకు పోయినంకనే చికిత్స అనే పద్ధతి పోయి, పడిపోయిన చోటనే చికిత్స మొదలైంది. 1974లో నాన్సీ కరోలిన్ అనే యువ డాక్టరు వాళ్లకు వైద్య బాధ్యురాలిగా చేరింది. వాళ్లతో కలిసి చేసిన పని నుంచే ఆ దేశం మొత్తానికి పారామెడిక్‌ల పాఠ్యక్రమం తయారైంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. 1975లో నగరం సొంత అంబులెన్సు సర్వీసు పెట్టి ఫ్రీడం హౌస్‌ను మూసేసింది. నేర్పినోళ్లే కొత్త సర్వీసులో పక్కకు నెట్టబడ్డరు. చాలామంది ఉద్యోగాలు పోగొట్టుకున్నరు. జాన్ మూన్ లాంటి ఒకరిద్దరు మాత్రం పట్టుబట్టి నిలబడ్డరు. మూన్ అదే సర్వీసులో అసిస్టెంట్ చీఫ్ దాకా ఎదిగి నల్లజాతి పిల్లలను మళ్లీ ఆ పనిలోకి తెచ్చిండు.

బండి రాని బస్తీ, తన పిల్లలనే బండి చేసుకున్నది. ఇది ఆ కథలో మొదటి పాఠం. పని గుర్తింపు కాగితం మీద లేకపోతే, పని బాగా నడిచినంక మనల్ని బయట పెడతరు. ఇది రెండో పాఠం. రెండూ మనకు కావాలె.

పెరిగిన చోట ఎట్లా పెరిగింది

పిట్స్‌బర్గ్ దారిలో ఇంకో అడుగు ముందుకు వేసిన ఊర్లున్నయి. అమెరికాలోనే సియాటెల్ నగరం 1970లో మెడిక్ వన్ అనే సర్వీసు పెట్టింది. నడిపినోళ్లకు తొందర్లోనే అర్థమైంది, బండి ఎంత ఉరికినా చాలదని. అందుకే 1970ల మొదట్లోనే మామూలు జనానికి సీపీఆర్ నేర్పడం మొదలుపెట్టిండ్రు. తర్వాత ఫోన్ ఎత్తిన ఉద్యోగే "ఇట్లా నొక్కండి" అని లైన్‌లో చెప్పే పద్ధతి కూడా అక్కడే బలపడ్డది. ఇవాళ ఆ ప్రాంతంలో ఎవరో చూస్తుండగా గుండె అదిరి ఆగినోళ్లలో, షాక్ ఇస్తే మళ్లీ కొట్టుకునే రకం కేసులల్ల, సగం మంది దాకా బతికి ఇంటికి పోతున్నరు.

డెన్మార్క్ దేశం ఇంకా మంచి ఉదాహరణ. 2005లో స్కూళ్లల్ల సీపీఆర్ తప్పనిసరి చేసిండ్రు, 2006లో డ్రైవింగ్ లైసెన్సుకు కూడా తప్పనిసరి చేసిండ్రు. 2001లో గుండె ఆగినోళ్లలో సుమారు 20 శాతం మందికే పక్కనున్నోళ్లు సీపీఆర్ చేసేవాళ్లు. 2010కి అది 45 శాతం దాటకపోయినా దాని దగ్గరికి వచ్చింది. 30 రోజుల తర్వాత బతికున్నోళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగిండ్రు. ఒక్క బండి వేగం పెంచితే వచ్చే మార్పు కాదు ఇది. పక్కనున్న మనిషి చేతులకు కూడా ఇందులో భాగం ఉంది.

మన దగ్గర కూడా కదలిక లేదని కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ రాజేంద్రనగర్ దగ్గర ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీద కూలిపోయిన యువకునికి సీపీఆర్ చేసి బతికించిన వీడియో అందరం చూసినం. ఆ మార్చి 1న రాష్ట్ర ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ కానిస్టేబుల్ చేసింది నేర్చుకున్న పని. నేర్చుకుంటే మనం కూడా చేస్తం.

మనం ఏం చేయాలె

ఒక విషయం దాచకుండా చెప్తా. మన తండాలో సీపీఆర్ మొదలుపెట్టినా, బండి 30 నిమిషాలకు వస్తే బతికే అవకాశం తక్కువే. చేతులు టైంను సాగదీస్తయి, అంతే. గుండెను మళ్లీ కొట్టించడానికి చాలాసార్లు షాక్ యంత్రం కావాలె. దాని పేరు ఏఈడీ. అది తనే మాట్లాడి ఏం చేయాలో చెప్తది, చదువుకున్న ఎవరైనా వాడొచ్చు. అందుకే మన డిమాండ్ ఒకటి కాదు, రెండు. ప్రతి తండాలో నేర్చుకున్న చేతులు ఉండాలె. ప్రతి పీహెచ్‌సీలో, పెద్ద ఆశ్రమ పాఠశాలలో, పోలీస్ స్టేషన్‌లో ఏఈడీ ఉండాలె.

అడగాల్సిన చోట్లు మనకు తెలిసినవే. ఏటూరునాగారం ఐటీడీఏను ఆశ్రమ పాఠశాలల్లో 8వ తరగతి నుంచి సీపీఆర్ నేర్పమని అడుగుదాం. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి మెడికల్ కాలేజీలను నెలకొక తండాలో శిక్షణ పెట్టమని అడుగుదాం. శిక్షణ అయినోళ్లకు సర్టిఫికెట్ ఇవ్వమని, పేర్లు రిజిస్టర్‌లో రాయమని తప్పకుండా అడుగుదాం. రేపు ఈఎంటీ ఉద్యోగాలు పడితే ఆ కాగితం మన పిల్లలకు ఆసరా అయితది. ఫ్రీడం హౌస్ పిల్లలకు జరిగింది మనకు జరగొద్దు.

శిక్షణ వచ్చేదాకా ఊకుండొద్దు. ఇంతమాత్రం ఇవాళే గుర్తు పెట్టుకోండి.

మనిషి కూలిపోతే భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే, శ్వాస లేకపోతే, లేదా ఎగశ్వాస మాత్రమే ఉంటే గుండె ఆగినట్టే లెక్క. ఎగశ్వాసను చూసి "ప్రాణం ఉంది, తగ్గుతది" అని ఆగిపోవడమే మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు. నోట్లో నీళ్లు పోయొద్దు. ఉల్లిగడ్డ వాసన, తాళాల గుత్తి పనిచేయవు.

కరెంటు షాక్ అయితే ముందు ఫ్యూజు తీయండి, సప్లయ్ బంద్ చేయకుండా ముట్టొద్దు.

108 కొట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పెట్టండి. తండా పేరుతో పాటు మండలం, దగ్గరి ఊరు, ఏ రోడ్డు మీంచి మలగాలో చెప్పండి. ఒక పిలగాన్ని బండి మీద మెయిన్ రోడ్డు కాడికి తోలండి, రాత్రైతే చేతిల లైటు పెట్టి.

గట్టి నేల మీద వెల్లకిలా పండబెట్టండి. ఛాతీ మధ్యలో ఒక అరచేయి మడమ పెట్టి, దాని మీద రెండో చేయి పెట్టి, మోచేతులు వంచకుండా 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. 2 నిమిషాలకోసారి మనిషి మారండి, లేకపోతే చేతులు అలసిపోయి లోతు తగ్గుతది. పక్కటెముక చిట్లినట్టు శబ్దం వచ్చినా ఆపొద్దు. నీళ్లలో మునిగినోళ్లకు, చిన్నపిల్లలకు నోటితో శ్వాస కూడా అవసరం, అది శిక్షణలో నేర్చుకోవాలె.

"మా చేతిల పోయిండని అంటరేమో" అనే భయం అందరికీ ఉంటది. ఆగిన గుండె ఉన్న మనిషి అప్పటికే పోతున్న మనిషి. మనం నొక్కితే అతనికి నష్టం కాదు, ఉన్న ఒక్క అవకాశం. రోడ్డు ప్రమాదాల్లో సాయపడినోళ్లను పోలీసు, కోర్టు వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ కూడా పెట్టిండ్రు.

మన దగ్గర ఎవరన్నా కష్టంలో ఉంటే తండా మొత్తం కదులుతది. మంచం కట్టి పది కిలోమీటర్లు మోసిన భుజాలు మనయి. ఇన్నేండ్లు ఆ భుజాలు మనిషిని దవాఖాన దాకా మోసినయి. ఇప్పుడు బండి వచ్చేదాకా అతని గుండెను మోయడం నేర్చుకోవాలె. ఈ ఎండాకాలం సెలవుల్లో మీ తండాలో శిక్షణ పెట్టించడానికి ముందుకొచ్చేటోళ్లు పేరు, మండలం గ్రూపులో రాయండి. మొదటి పది తండాల పేర్లతో ముగ్గురు కలెక్టర్లకు, ఐటీడీఏ పీవోకు వినతిపత్రం రాద్దాం.